గడువు తీరాక సాగిన ప్రయాణం

అంగారక గ్రహంపై అనుకున్న కాలాన్ని మించి పనిచేసిన యంత్రాలు మనకేం చెబుతున్నాయి?

మన ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చినా, కుట్టుమిషన్ వచ్చినా దానితోపాటు ఒక చిన్న కాగితం కూడా వస్తుంది. అదే వారంటీ కార్డు. దానిమీద ఏడాది అనో, రెండేళ్లు అనో గడువు రాసి ఉంటుంది. ఆ గడువు ముగిసిన మరునాడే ఆ వస్తువు ఆగిపోతుందని మనమెవరమూ అనుకోం. 'ఇంతకాలం ఇది తప్పక పనిచేస్తుంది' అని తయారుచేసినవారు ఇచ్చిన మాట మాత్రమే అది. ఆ తర్వాత ఆ వస్తువు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది దాని తయారీలోని నాణ్యతపైనా, వాడుకునేవారి జాగ్రత్తపైనా ఆధారపడి ఉంటుంది. దుమ్ము తుడిచి, నూనె వేసి, అరిగిన భాగాన్ని మార్పించుకునే ఇళ్లలో కుట్టుమిషన్ తల్లి నుంచి కూతురికి చేరుతుంది.

అయితే మరమ్మతు చేసేవారెవరూ చేరుకోలేని చోట ఉన్న యంత్రం సంగతేమిటి? ఉర్దూ మాట్లాడే మన పెద్దలు 'మిర్రీఖ్' అని పిలిచే అంగారక గ్రహం మనకు కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడికి 6 నెలల పని కోసం వెళ్లిన మన మంగళయాన్ దాదాపు 8 ఏళ్లు పనిచేసింది. 90 రోజుల పని కోసం దిగిన ఆపర్చునిటీ అనే రోవర్ 14 ఏళ్లకు పైగా నడిచింది. 5 సార్లు ఎగిరితే చాలనుకున్న ఒక చిన్న హెలికాప్టర్ 72 సార్లు ఎగిరింది. ఇవి ఎలా సాధ్యమయ్యాయి? వీటిని అద్భుతాలని చెప్పి వదిలేస్తే అసలు విషయం మనకు తెలియకుండా పోతుంది.

పొరుగున తయారైన చెవి

ఉప్పల్, నాచారం దాటి తూర్పుగా వెళితే చెంగిచెర్ల వస్తుంది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, చర్లపల్లికి ఆనుకుని ఉన్న కుషాయిగూడ ప్రాంతంలో, ఈసీఐఎల్ సంస్థ ఉంది. కేంద్ర అణుశక్తి విభాగం 1967లో దీన్ని నెలకొల్పింది. దీని వ్యవస్థాపకుడైన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు పేరుమీదనే పక్కనున్న ఏ.ఎస్.రావు నగర్ వెలిసింది. ఈ ప్రాంతంలోని అనేక కుటుంబాలకు ఈసీఐఎల్ అంటే ఒక బస్టాపు, ఒక చౌరస్తా, సాయంత్రం డ్యూటీ దిగి వచ్చే మనుషుల గుంపు. అంగారకుడి కథలో ఈ చౌరస్తాకు కూడా భాగముందన్న సంగతి చాలామందికి తెలియదు.

సుదూర అంతరిక్షంలో ఉన్న యంత్రం పంపే సంకేతం భూమిని చేరేసరికి అత్యంత బలహీనమవుతుంది. దాన్ని పట్టుకోవడానికి చాలా పెద్ద ఆంటెనా కావాలి. బెంగళూరు సమీపంలోని బ్యాలాలు గ్రామం వద్ద ఇస్రో నెలకొల్పిన 32 మీటర్ల వ్యాసం గల ఆంటెనా అలాంటిది. 2008లో చంద్రయాన్-1 ప్రయోగం కోసం దాన్ని నిర్మించి నిలబెట్టింది హైదరాబాదు ఈసీఐఎల్. అంగారకుడి నుంచి మంగళయాన్ పంపిన సంకేతాలను మన దేశంలో విన్న ప్రధానమైన చెవి అదే. అంతరిక్ష నౌక గురించి మాట్లాడేటప్పుడు మనం రాకెట్‌నే తలచుకుంటాం. నిప్పులు చిమ్ముతూ పైకి లేచే రాకెట్ పని నిమిషాల్లో ముగుస్తుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగే పని ఓపికగా వినడం, ఆలోచించి జవాబివ్వడం. ఆ పనే లేకపోతే మంగళయాన్ ఆరు నెలలైనా నిలిచేది కాదు.

ఆరు నెలల పని, ఎనిమిదేళ్ల సేవ

2013 నవంబర్ 5న మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకు శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ25 రాకెట్ మంగళయాన్‌ను మోసుకుని బయలుదేరింది. ఆ నౌక బరువు సుమారు 1,337 కిలోలు. అందులో 852 కిలోలు ఇంధనమే. శాస్త్ర పరిశోధన కోసం అమర్చిన ఐదు పరికరాల బరువంతా కలిపి 15 కిలోలే. మొత్తం వ్యయం సుమారు 450 కోట్ల రూపాయలు.

దాదాపు 300 రోజులు నిద్రలో ఉన్న ప్రధాన ఇంజన్‌ను 2014 సెప్టెంబర్ 24 ఉదయం తిరిగి మండించవలసి వచ్చింది. అది మండకపోతే నౌక అంగారకుణ్ణి దాటి వెళ్లిపోతుంది. అందుకే రెండు రోజుల ముందు ఇంజన్‌ను సుమారు 4 సెకన్లపాటు మాత్రమే మండించి పరీక్షించారు. అసలు రోజున అది సుమారు 23 నిమిషాలు మండింది. సంకేతం భూమికి చేరడానికే 12 నిమిషాలకు పైగా పడుతుంది కనుక, అక్కడ ఏం జరిగినా ఇక్కడివారికి అప్పటికప్పుడు చేయగలిగిందేమీ లేదు. చేయవలసినదంతా ముందే ఆలోచించి, ఆదేశాల రూపంలో నౌకలో నింపి ఉంచారు. తొలి ప్రయత్నంలోనే మన దేశం అంగారకుడి కక్ష్యను అందుకుంది.

ప్రయాణంలో ఇంధనాన్ని పొదుపుగా వాడినందువల్ల 6 నెలల గడువు తీరేసరికి నౌకలో ఇంకా సుమారు 37 కిలోల ఇంధనం మిగిలింది. ఈ మిగులే తర్వాతి ఏళ్లకు ఆధారమైంది. మంగళయాన్‌కు విద్యుత్తు ఇచ్చేది సూర్యకాంతి. అంగారకుడి నీడలోకి వెళ్లినప్పుడు అది బ్యాటరీ మీద బతకాలి. ఆ బ్యాటరీ ఒక గంటా 40 నిమిషాల చీకటిని తట్టుకునేలా తయారైంది. 2017లో అంతకన్నా ఎక్కువసేపు నీడలో ఉండవలసిన రోజులు రాబోతున్నాయని ముందే లెక్కగట్టిన శాస్త్రవేత్తలు, ఆ ఏడాది జనవరి 17న చిన్న ఇంజన్లను మండించి నౌక దారిని మార్చారు. దానికి సుమారు 20 కిలోల ఇంధనం ఖర్చయింది. మిగిలింది 13 కిలోలు.

ఇంట్లో నెలాఖరున మిగిలిన డబ్బును దేనికి ఖర్చు పెట్టాలో తేల్చుకునే గృహిణికి ఈ నిర్ణయం బరువేమిటో తెలుసు. ఉన్నదాంట్లో సగానికి పైగా ఒకేసారి ఖర్చు చేయడం సులభం కాదు. కానీ ఖర్చు చేయకపోతే నౌకే ఉండదు. ఆ ఖర్చు మంగళయాన్‌కు మరో ఐదేళ్లను ఇచ్చింది. 2020 జూలైలో అంగారకుడి ఉపగ్రహం ఫోబోస్‌ను అది ఫొటో తీసి పంపింది. చివరికి 2022 ఏప్రిల్‌లో సుదీర్ఘమైన గ్రహణం తర్వాత సంబంధాలు తెగిపోయాయి. ఇంధనం కూడా అయిపోయి ఉంటుందని ఇస్రో భావించింది. ఇక దాన్ని తిరిగి పొందలేమని అదే ఏడాది అక్టోబర్‌లో ప్రకటించింది.

తొంభై రోజుల మాటకు అర్థం

కక్ష్యలో తిరిగే నౌక కథ ఇది. నేలమీద దిగి, రాళ్లలో, ఇసుకలో నడిచే రోవర్‌కు కష్టాలు ఇంకా ఎక్కువ. 1997లో అమెరికా పంపిన సోజర్నర్ అనే చిన్న రోవర్ 7 రోజుల కోసం వెళ్లి 83 రోజులు పనిచేసింది. అక్కడి సన్నటి దుమ్ము సౌర ఫలకాలపై రోజూ కొంచెం కొంచెంగా పేరుకుంటుందని దానివల్ల తెలిసింది. 2004 జనవరిలో నాసా దించిన స్పిరిట్, ఆపర్చునిటీ అనే జంట రోవర్లకు 90 రోజుల గడువు పెట్టడంలో ఈ అనుభవానికీ పాత్ర ఉంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. 90 రోజులన్నది ఆ రోవర్ల ఆయుష్షు గురించి చెప్పిన జోస్యం కాదు. ఆ కాలం తప్పక పనిచేస్తేనే ప్రయోగం విజయవంతమైనట్లు లెక్క. అంటే అది తయారీదారులు అందుకోవలసిన కనీస గీత. 90 రోజులు ఖాయంగా పనిచేయాలంటే ప్రతి మోటారునూ, ప్రతి తీగనూ అంతకు ఎన్నో రెట్లు గట్టిగా చేయాలి. ఆ గట్టిదనమే మొదటి మూలధనం. అయితే గట్టిదనం ఒక్కటే 14 ఏళ్లను ఇవ్వలేదు.

అంగారకుడిపై ఒక రోజు మన రోజుకన్నా దాదాపు 40 నిమిషాలు ఎక్కువ. తొలి నెలల్లో రోవర్ల బృందం అంగారకుడి గడియారం ప్రకారమే బతికింది. ఈరోజు ఉదయం 8 గంటలకు పనిలోకి వెళితే రేపు 8 గంటల 40 నిమిషాలకు, ఎల్లుండి 9 గంటల 20 నిమిషాలకు వెళ్లాలి. కొన్ని వారాల్లో పగలు రాత్రవుతుంది, రాత్రి పగలవుతుంది. వారికీ ఇళ్లున్నాయి, పిల్లలున్నారు. సహరీకి లేచి, రాత్రి తరావీహ్ ముగించుకుని, మరునాడు ఉద్యోగానికి వెళ్లే మన ఇళ్లవారికి నిద్రవేళలు మారితే శరీరం ఎలా ఉంటుందో తెలుసు. అలా వారు నెలల తరబడి కొనసాగించారు.

గాలి చేసిన మేలు, మనిషి చేసిన పని

దుమ్ము పేరుకుని ఫలకాలు మూసుకుపోతాయనుకుంటే, అనుకోని సాయం ఒకటి అందింది. అంగారకుడిపై వీచే గాలులు, సుడిగాలులు అప్పుడప్పుడూ ఆ దుమ్మును ఊడ్చివేశాయి. విద్యుత్తు మళ్లీ పెరిగింది. మనిషి లెక్కలో లేని మేలు ఇది.

కానీ గాలి వీచేదాకా రోవర్‌ను బతికించి ఉంచినది మనుషుల పనే. అంగారకుడిపై చలికాలం మన చలికాలానికి దాదాపు రెట్టింపు. ఆ రోజుల్లో సూర్యుడు ఉత్తరం వైపు కిందుగా ఉంటాడు. కనుక శీతకాలం రాకముందే ఉత్తరానికి వాలి ఉన్న కొండవాలును వెతికి, రోవర్‌ను అక్కడికి నడిపించి, ఫలకాలు ఎండకు ఎదురుగా ఉండేలా నిలిపేవారు. చలికి పెరట్లో ఎండపొడ వెతుక్కుని కుర్చీ వేసుకునే మన తాతయ్యలు చేసే పనే ఇది. స్పిరిట్ ఇలా ఎండ కాచుకున్న కొండల పేరు కొలంబియా కొండలు. 2003 ఫిబ్రవరిలో కొలంబియా వ్యోమనౌక ప్రమాదంలో మరణించిన ఏడుగురి పేర్లను అక్కడి ఏడు శిఖరాలకు పెట్టారు. వాటిలో ఒకటి మన కల్పనా చావ్లా పేరుమీద ఉంది.

దిగిన మూడు వారాలకే స్పిరిట్ మూగబోయింది. దాని జ్ఞాపకకోశం ఫైళ్లతో కిక్కిరిసి, కంప్యూటర్ మళ్లీమళ్లీ ఆగి మొదలవుతోంది. నిద్రపోవలసిన వేళ నిద్రపోక బ్యాటరీని హరించుకుంటోంది. ఇంజనీర్లు ఆ జ్ఞాపకకోశాన్ని తాకకుండానే కంప్యూటర్ మేల్కొనేలా ఆదేశం పంపి, తర్వాత అనవసరమైన ఫైళ్లను తొలగించారు. ఆపర్చునిటీ కష్టం మరొకటి. దాని చేతి కీలు దగ్గరున్న హీటర్ ఒకటి ఆపినా ఆగకుండా రాత్రంతా విద్యుత్తును తాగేసేది. చివరికి రాత్రివేళ రోవర్‌లోని దాదాపు అన్నింటినీ కట్టివేసి గాఢనిద్రలోకి పంపే పద్ధతిని కనిపెట్టారు. తెల్లవారి సూర్యకాంతి తగిలాక అది మేల్కొనేది. మేల్కొంటుందో లేదోనన్న భయం ప్రతి ఉదయం ఉండేది.

కుంటి చక్రం చూపిన తెల్లమట్టి

2006లో స్పిరిట్ ముందువైపు కుడి చక్రం పూర్తిగా పట్టేసింది. దాంతో రోవర్‌ను వెనక్కి తిప్పి, చెడిన చక్రాన్ని ఈడ్చుకుంటూ నడిపించడం మొదలుపెట్టారు. అలా ఈడ్చిన చక్రం నేలలో నాగలిచాలు వంటి గాడిని చేసింది. 2007లో ఆ గాడిలో తెల్లటి మట్టి బయటపడింది. పరీక్షిస్తే అది దాదాపు శుద్ధమైన సిలికా. వేడినీటి ఊటలో, ఆవిరి బుగ్గలో ఉన్నచోట ఏర్పడే పదార్థం అది. ఒకప్పుడు అక్కడ వేడి నీరు ఉండేదనడానికి బలమైన సాక్ష్యం. ఆరు చక్రాలూ బాగున్నప్పుడు దొరకనిది, ఒకటి చెడ్డాక దొరికింది.

2009 మే నెలలో స్పిరిట్ మెత్తని ఇసుకలో కూరుకుపోయింది. నెలల తరబడి ప్రయత్నించినా బయటికి రాలేదు. ఎండవైపు వాలే వీలులేక రాబోయే శీతకాలంలో చల్లబడిపోయింది. 2010 మార్చి 22 తర్వాత దాని నుంచి సంకేతం లేదు. 90 రోజుల కోసం వెళ్లిన ఆ రోవర్ ఆరేళ్లకు పైగా పనిచేసి 7.73 కిలోమీటర్లు నడిచింది.

ఆపర్చునిటీ మరింత దూరం వెళ్లింది. 2015 మార్చిలో అది మారథాన్ పరుగు దూరమైన 42.195 కిలోమీటర్లను దాటింది. మనిషి ఒక పూటలో పరుగెత్తే దూరానికి దానికి పదకొండేళ్లు పట్టింది. మరో గ్రహంపై ఏ వాహనమూ అంతవరకు అంతదూరం వెళ్లలేదు. మొత్తంమీద అది 45.16 కిలోమీటర్లు నడిచి, 2 లక్షలకు పైగా చిత్రాలు పంపింది.

చివరి సందేశం

2018 జూన్‌లో అంగారకుణ్ణంతటినీ కప్పేసిన దుమ్ము తుపాను వచ్చింది. అంతకుముందు రోజుకు 645 వాట్-గంటలున్న ఆపర్చునిటీ విద్యుత్తు 22 వాట్-గంటలకు పడిపోయింది. మన ఇంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బును రెండున్నర గంటలు కూడా వెలిగించలేని శక్తి అది. జూన్ 10న చివరి సంకేతం వచ్చింది. ఆ సందర్భంగా రోవర్ 'నా బ్యాటరీ తగ్గిపోతోంది, చీకటి పడుతోంది' అన్నట్లు ఒక మాట ప్రపంచమంతా వ్యాపించింది. నిజానికి రోవర్ పంపింది అంకెలు మాత్రమే. వాటి అర్థాన్ని ఒక విలేఖరి మాటల్లో పెట్టారు. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఈ తేడా కూడా చెప్పడం మంచిది.

ఆ తర్వాత దాదాపు ఎనిమిది నెలలపాటు భూమి నుంచి వెయ్యికి పైగా ఆదేశాలు వెళ్లాయి. గాలులు వీచే కాలం వస్తే దుమ్ము తొలగుతుందేమోనని ఎదురుచూశారు. జవాబు రాలేదు. 2019 ఫిబ్రవరి 13న ప్రయోగం ముగిసిందని నాసా ప్రకటించింది. దాన్ని నడిపిన బృందంలో కొందరు యువకులుగా చేరి నడివయసుకు వచ్చారు.

అందరికీ ఒకే ఆయుష్షు లేదు

ప్రతి యంత్రమూ గడువు దాటుతుందని అనుకోకూడదు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3తో దిగిన మన ప్రజ్ఞాన్ రోవర్ చంద్రుడిపై ఒక పగలు, అంటే భూమి లెక్కలో సుమారు 14 రోజులు, పనిచేయడానికి తయారైంది. సుమారు 100 మీటర్లు నడిచి, తన పని పూర్తి చేసి నిద్రలోకి వెళ్లింది. సున్నాకు ఎంతో దిగువకు పడిపోయే ఆ రాత్రి చలి తర్వాత అది మేల్కొనలేదు. అది వైఫల్యం కాదు. ఇచ్చిన మాటను అది నిలబెట్టుకుంది. చైనా రోవర్ జురాంగ్ 90 రోజుల కోసం దిగి దాదాపు ఏడాది పనిచేసింది. 2022 మేలో శీతనిద్రకు వెళ్లి తిరిగి లేవలేదు. 2012 ఆగస్టులో దిగిన క్యూరియాసిటీకి సౌర ఫలకాలు లేవు. ప్లుటోనియం వేడితో అది విద్యుత్తు తయారుచేసుకుంటుంది. పదునైన రాళ్లకు చక్రాలు చిల్లులుపడితే, వాటికి తగిన దారులు వెతుకుతూ పదేళ్లు దాటాక కూడా దాన్ని నడిపిస్తున్నారు.

72 సార్లు ఎగిరిన చిన్న హెలికాప్టర్ పేరు ఇంజెన్యుటీ. బరువు 1.8 కిలోలు. 2021 ఏప్రిల్ 19న తొలిసారి ఎగిరి, 2024 జనవరిలో రెక్క దెబ్బతినేదాకా పనిచేసింది. దీని ప్రధాన ఇంజనీరు బాబ్ బలరామ్ చదువుకున్నది మన మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీ పాఠశాలలో, తర్వాత మద్రాసు ఐఐటీలో. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 'అల్ అమల్' అంటే 'ఆశ' అనే పేరుతో పంపిన నౌక 2021 ఫిబ్రవరి 9న అంగారకుడి కక్ష్యను చేరింది. అంగారకుడి ఒక సంవత్సరం కోసం, అంటే సుమారు మన రెండేళ్ల కోసం, వెళ్లిన ఆ నౌక సేవను కూడా పొడిగించారు. దాని శాస్త్ర విభాగానికి నాయకత్వం వహించినది సారా అల్ అమీరీ అనే మహిళ. 'ఆడపిల్లకు ఇంత చదువెందుకు' అనే ప్రశ్న ఇంకా వినబడే ఇళ్లలో ఈ పేరును ఒకసారి ప్రస్తావించాలి.

మన ఇంటి సంగతి

ఈ కథలన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. గడువు తర్వాత వచ్చిన కాలంలో ఏ రోజూ ఊరికే రాలేదు. తయారుచేసినవారు గట్టిగా చేశారు. నడిపినవారు మిగిలినదాన్ని పొదుపుగా వాడారు. ఏదైనా చెడినప్పుడు 'గడువు ఎలాగూ తీరింది కదా' అని వదిలేయక, చెడిన భాగంతోనే ఎలా నడవాలో ఆలోచించారు. తమ చేతికి వచ్చినదాన్ని అమానత్‌గా భావించేవారు చేసే పని అదే.

మన ఇళ్లలోనూ గడువు తీరినవి ఉంటాయి. బీరువా పక్కన ఆగిపోయిన కుట్టుమిషన్, మూలనపడిన సైకిల్ వంటివి. వాటికన్నా ముఖ్యంగా, ఉద్యోగ విరమణ పొందిన పెద్దలు ఉంటారు. కుషాయిగూడ, నాచారం, చర్లపల్లి కర్మాగారాల్లో మూడు నాలుగు దశాబ్దాలు పనిచేసి, ఒక పూలదండతోను, ఒక గడియారంతోను ఇంటికి వచ్చినవారు ఈ ప్రాంతంలో ఎందరో. మోకాలు సహకరించకపోవచ్చు, చూపు మందగించి ఉండవచ్చు. కానీ లేత్ మిషన్ మీద వెంట్రుకవాసి తేడాను చేత్తో తాకి పసిగట్టిన అనుభవం వారి దగ్గరే ఉంది. 'ఇక మీరు విశ్రాంతి తీసుకోండి' అని మనం ప్రేమగానే అంటాం. ఆ మాటతోనే వారిని అడగడం కూడా మానేస్తాం.

అంగారకుడు దాదాపు 26 నెలలకొకసారి భూమికి దగ్గరగా వస్తాడు. ఆ రోజుల్లో మగ్రిబ్ తర్వాత కొద్దిసేపటికి తూర్పు ఆకాశంలో ఎర్రగా, మిణుకుమనకుండా కనిపిస్తాడు. చెంగిచెర్ల మిద్దెల మీది నుంచి కూడా చూడవచ్చు. అప్పుడు పిల్లల్ని మిద్దె మీదికి తీసుకువెళ్లండి. ఇంట్లో నానాగారో, దాదాగారో ఉంటే మెల్లగా చేయి పట్టుకుని వారినీ తీసుకువెళ్లండి. ఆ ఎర్రటి చుక్క మీద ఒక రోవర్ కుంటి చక్రంతో నడిచిందని, దాని దగ్గరకు వెళ్లిన మన నౌక మాటలను విన్న ఆంటెనా మన పొరుగునే తయారైందని పిల్లలకు చెప్పండి. ఆ తర్వాత పెద్దవారిని వారి పని గురించి అడగండి. ఏం తయారుచేశారో, ఏది చెడిపోతే ఎలా బాగుచేశారో వారే చెబుతారు.